అంధకేసరి లోయలో జిల్లేడు దూది

శోణగిరి శిఖరాల మీద కుంకుమ చల్లినట్టు తొలి వెలుగు పరుచుకుంటోంది. ఆ శిఖరాల నడుమ పెద్ద కత్తివేటులా చీలి ఉంది అంధకేసరి లోయ. ఇరువైపులా పది తాటిచెట్ల ఎత్తున నున్నటి రాతిగోడలు, గోడల పగుళ్లలోంచి జలతారు కుచ్చుల్లా వేలాడే పచ్చని లతలు, లతల కొసన ముత్యాల్లాంటి మంచుబిందువులు, అడుగున తెల్లని నురుగులతో ఉరకలెత్తే సెలయేరు. ఎంత అందమైన చోటో అంత చెడ్డ చోటు. లోపలికి వెళ్లిన వీరులను లెక్కపెట్టడానికి చేతివేళ్లు చాలవు. బయటికి వచ్చినవాళ్లను లెక్కపెట్టడానికి వేళ్లతో పనే లేదు.

ఆ లోయ ముఖాన ఒక బండ చాటున ఇద్దరు నక్కి కూర్చున్నారు. ఒకరు కొమరవ్వ. శోణగిరి వేటగూడెంలో ఆమెను మించిన వేటకత్తె లేదు. అరవై దాటిన వయసు, చింతబరికె లాంటి ఒళ్లు, తలలో ఒక్క నల్ల వెంట్రుక లేకపోయినా చూపులో డేగ పదును. రెండోవాడు ఒళ్లంతా బొగ్గుమసి పూసుకుని, చిరుగుల గొంగడి కప్పుకున్న యువకుడు. పేరు బైరడని చెప్పుకున్నాడు. నిజానికి అతడు సువర్ణమేఖల రాజ్యానికి యువరాజు శరభాంకుడు. మాంత్రికుడు ధూమ్రజటుడి వేగులవాళ్లు యువరాజు కోసం దారులన్నీ గాలిస్తున్నారు గనుక ఈ వేషం. ఆ వేషంలో తనను కన్నతండ్రి కూడా పోల్చలేడని అతని గట్టి నమ్మకం.

యువరాజు ఇంత దూరం వచ్చింది అక్క సుకేశిని కోసం. తల్లి లేని శరభాంకుడికి గోరుముద్దలు తినిపించి పెంచింది ఆమే. ధూమ్రజటుడు నిండు సభలో ఆమెను పెళ్లాడతానన్నాడు. ఆమె నిండు సభలోనే కాదన్నది. వాడు జడ విదిల్చి ఆమె ముఖాన నల్లటి పొగ ఊది మాయమయ్యాడు. ఆనాటి నుంచి ఆమెకు మెలకువ లేదు, ఊపిరి రోజురోజుకీ సన్నబడుతోంది. అంధకేసరి గుహలో తొలి ఎండ తగిలి విచ్చుకునే శ్వేతకింశుకం అనే పువ్వు ఒక్కటే ఆ పొగకు విరుగుడని రాజవైద్యుడు చెప్పాడు. రేపటి సూర్యాస్తమయంలోగా ఆ పువ్వు కోటకు చేరాలి. చేరకపోతే అక్క లేదు.

గుహకు కాపలా ఉన్న సింహమే అంధకేసరి. అది పుట్టుగుడ్డిది. కళ్లివ్వని దేవుడు ఆ లోటంతా ముక్కులో తీర్చాడు. క్రోసు దూరాన మనిషికి చెమట పట్టినా దానికి తెలుస్తుంది. ధూమ్రజటుడి మంత్రం వల్ల దాని చర్మాన్ని ఏ బాణమూ చీల్చదు, ఏ కత్తీ కోయదు. దాని ముక్కుకు దొరక్కుండా వెళ్లి రావడం తప్ప వేరే ఉపాయం లేదు. గాలి దాని వైపు నుంచి మన వైపు వీచాలి. మన వైపు నుంచి దాని వైపు వీచిందా, కథ కంచికి పోతుంది.

ఈ చిన్న సంగతి కూడా శరభాంకుడికి నిన్నటిదాకా తెలియదు. రాజుల వేటలో నూరుమంది డప్పులు కొట్టి జంతువులను తెచ్చి బాణం ముందు నిలబెడతారు. గాలి ఎటు వీస్తే రాజుకేమిటి?

"ఏందిరా బైరా! వేటగాడినంటావు, గాలి సూడ్డం రాదంటావు. నీకు విల్లు పట్టించినోడెవడ్రా?" అని కొమరవ్వ నిన్నంతా ముక్కచీవాట్లు పెట్టింది. పెడుతూనే తన నడుముకున్న తోలుసంచి విప్పి నేర్పింది. "ఇదిగో, బూడిద. నీ సేతికాడి గాలి సెప్తాది, అంతే. ఎండిన ఈ పుట్టకొక్కును నొక్కు, పొగలాగా పొడి లేస్తాది. అది నాలుగు బారల దూరం సెప్తాది. సాలీడు దారం కొమ్మకు కట్టినావనుకో, నీ సెంపకు తెలవని గాలి గూడా దానికి తెలుస్తాది. అన్నీ మంచియే. అయితే బండకు ఆపక్క గాలి ఎట్లా తిరుగుతాందో సెప్పేది ఈ తల్లి ఒక్కతే."

ఆ తల్లి జిల్లేడు చెట్టు. ఎండి పగిలిన కాయ ఒక్కటే కోసి, కొమరవ్వ చెట్టుకు మొక్కింది. దూదిపింజెలను చివర ఉన్న గింజల నుంచి ఒక్కొక్కటిగా విడదీసింది. గింజలను పారెయ్యలేదు. వేలితో నేలలో గుంటలు చేసి అన్నిటినీ పాతి, పైన మట్టి కప్పి, "నీ బిడ్డల్ని నీకే ఇచ్చినా తల్లీ, నీ ఊపిరి మాత్రం తీసుకున్నా" అన్నది. గూడెంలో ఎవరూ అలా చెయ్యకుండా దూది ముట్టరట.

"గింజ ఉంటే బరువుకు కుంగి అబద్ధం సెప్తాది. గింజ లేని దూది అబద్ధమాడదు. అది ఎటు పోతే నీ వాసన అటే పోయినట్టు. అది కదల్లేదంటే గాలి లేదన్నట్టే, నీ సెవుల్లో ఎంత హోరు పెట్టినా సరే. గెట్టిగా గుర్తుపెట్టుకో."

ఇక ఈ ఉదయానికి వస్తే, కొమరవ్వ మనిషి వాసన తెలియకుండా యువరాజు ఒంటికి వావిలాకు పసరు మరోసారి పట్టించి, దూది నింపిన చిన్న సంచి అతని నడుముకు కట్టింది.

"ఇద్దరి వాసనా ఒక్కసోట ఉండకూడదు. నేను పైఅరుగు మీదుగా వస్తా. నువ్వు యేరు దాటి రెండో మలుపుకాడ కూసో. నేను వచ్చేదాకా ఒక్క అడుగు ముందుకెయ్యొద్దు. పొద్దెక్కినాక లోయలో గాలికి పిచ్చి పడతాది."

"అలాగే అవ్వా" అని శరభాంకుడు ఏట్లో దిగాడు.

నడుములోతు నీళ్లలో సగం దూరం వెళ్లాడో లేదో, పక్కనున్న నాచుపట్టిన దుంగ కళ్లు తెరిచింది. దుంగ కాదు, మొసలి! ఒక్క ఊపున అతని గొంగడి పట్టి నీళ్లలోకి లాగింది. యువరాజు గొంగడి వదిలేసి మునిగాడు, దాని పొట్ట కింది నుంచి ఈది వెనక తేలాడు. అది గిర్రున తిరిగి నోరు తెరిచింది. చేతిలోని వింటిని నిలువుగా దాని దవడల మధ్య ఇరికించి, వీపు మీద కాలూని, ఎగిరి ఒడ్డున పడ్డాడు. మొసలి తల విదిలించేసరికి విల్లు ఊడివచ్చి అతని పక్కనే పడింది. బతుకుజీవుడా అనుకుంటూ విల్లు అందుకుని రెండో మలుపు దాకా పరుగెత్తి, బండ చాటున కూలబడ్డాడు.

అప్పుడు చూసుకున్నాడు. ఒంటి మీద పసరంతా ఏరు కడిగేసింది. సంచిలో దూది తడిసి, నమిలి ఉమ్మిన తమలపాకులా ముద్దయింది. అమ్ములపొదిలో మూడే బాణాలు మిగిలాయి.

గోడ మీద ఎండ కిందికి దిగుతోంది. కొమరవ్వ జాడ లేదు. ఎండ గుహలోకి పోతే పువ్వు విచ్చుకుంటుంది, ఘడియలోగా కోయకపోతే కొమ్మ మీదే వాడిపోతుంది. ఇంకెంతసేపు ఆగాలి? శరభాంకుడు బొడ్లోంచి ఒక చిన్న వెండి భరిణె తీశాడు. పుట్టినరోజున అక్క తన చేత్తో నింపి ఇచ్చిన జవ్వాది భరిణె. వేషం మార్చినా దాన్ని మాత్రం విడవలేకపోయాడు. మూత బిగువుగా ఉండడంతో లోపలి పొడి చెక్కుచెదరలేదు. ఎంత మెత్తని పొడి! బూడిద కన్నా మెత్తన, దూది కన్నా తేలిక.

‘గాలి చూడడానికి ఇంతకన్నా ఏం కావాలి?’ అనుకుని, చిటికెడు తీసి ఎగరేశాడు. పొడి గుహ వైపు పోకుండా అతని భుజం మీదుగా వెనక్కి తేలిపోయింది. అంటే గాలి సింహం వైపు నుంచే వస్తోంది! తన తెలివికి తానే మురిసిపోయి, మూడో మలుపు దాకా వెళ్లాడు. అక్కడ మరో చిటికెడు ఎగరేశాడు. ఈసారి పొడి గిరికీలు కొట్టి, సగం అతని ఛాతీ మీదే పడింది, సగం బండ దాటి పైకి పోయింది.

గుహలో గర్జన పుట్టింది. గోడల మీది మంచుబిందువులన్నీ ఒక్కసారే జలజలా రాలాయి. అంధకేసరి బయటికి వచ్చింది. ఏనుగు గున్నంత ఒళ్లు, పండిన రాగిచేను లాంటి జూలు, కళ్లుండవలసిన చోట నున్నటి చర్మం. దాని ముక్కుపుటాలు మాత్రం కొలిమితిత్తుల్లా ఆడుతున్నాయి. అది తల నెమ్మదిగా మూడో మలుపు వైపు తిప్పింది.

సరిగ్గా అప్పుడు పైనుంచి లత పట్టుకుని కొమరవ్వ జారింది. యువరాజును మెడ పట్టి ఒక రాతిచీలికలోకి నెట్టి, ఊటబురద దోసిళ్లతో తీసి అతని ఛాతీకి, ముఖానికి మెత్తింది.

"ఏం సల్లినావురా?" అని గుసగుసగా గద్దించింది.

"గాలి చూశానవ్వా... దూది తడిసిపోయింది..."

"దేంతో సూసినావు?"

శరభాంకుడు భరిణె చూపించాడు. కొమరవ్వ నెత్తి కొట్టుకుంది.

"వాసనకు దొరక్కూడదని గాలి సూస్తారు గానీ, వాసనపొడి సల్లి గాలి సూసినోడిని నా పుట్టుకలో సూళ్లేదు! వేటగాడు సెయ్యడీ పని, దొంగ గూడా సెయ్యడు. ఇది రాజులకే సాధ్యం!"

"అవ్వా! నేను..."

"నువ్వెవరో మొన్ననే తెలుసులే. గంజి తాగేటప్పుడు సిటికెనవేలు పైకెత్తే బైరడు ఏ గూడెంలో ఉంటాడు?"

యువరాజు ముఖం బురదలో కూడా ఎర్రబడింది. "తెలిసీ నా వెంట ఎందుకు వచ్చావవ్వా?"

"నిద్దర్లో అక్కా అక్కా అని ఏడ్చినావు. రాజు కొడుకైతే మాత్రం, ఏడుపు ఏడుపు కాకుండా పోతాదా? మాటలు సాలు. సూడు."

ఆమె తన సంచిలోంచి ఒక్క దూదిపింజె తీసి వేళ్ల మధ్య నుంచి వదిలింది. తెల్లని ఆ పోగు నెమ్మదిగా బండ దాటింది, పైకి లేచింది, గోడ వెంబడి తేలుతూ గుహకు ఎడమ పక్కనున్న రాతిఅరుగు మీదికి వెళ్లి, అక్కడ మలుపు తిరిగి, తిన్నగా సింహం ముందుకు దిగింది. కంటికి కనబడని గాలి తన దారిని గీత గీసి చూపించినట్టయింది. శరభాంకుడు ఆ గీతను కొస దాకా కళ్లతో వెంబడించాడు.

"తెలిసిందా? ఆ అరుగు మీది గాలి నేరుగా దాని ముక్కులోకి పోతాంది. నీ బరిణెను ఆడికి సేర్చు. అది అటు పోతాది, నువ్వు ఇటు నుంచి దూరు."

యువరాజు ఒక్క క్షణం భరిణెను గుప్పిట్లో బిగించాడు. అక్క చేతి వస్తువు అదొక్కటే తన దగ్గరుంది. కానీ అక్కే లేకపోతే భరిణె ఎందుకు? దాన్ని బాణానికి కట్టి, మూత సగం వదులు చేసి, అల్లెతాడు చెవిదాకా లాగి వదిలాడు. బాణం గోడ వెంట దూసుకుపోయి అరుగు మీది పగులులో నాటుకుంది. భరిణె తెరుచుకుని జవ్వాది గుప్పుమంది. అంధకేసరి ఒక్క ఉరుకున అరుగు మీదికి లంఘించింది.

కొమరవ్వ మిగిలిన దూదిలో కొంత అతని గుప్పిట్లో కుక్కింది. "పో!"

శరభాంకుడు పాకాడు, దొర్లాడు, బండ నుంచి బండకు గెంతాడు. గుహలో కాలుపెట్టేసరికి కళ్లు చెదిరాయి. పైకప్పు నిండా నీలాలు పొదిగినట్టు స్ఫటికాలు, నేల మీద పూర్వవీరుల కిరీటాలు, కవచాలు, ఎముకలు. వాటన్నిటి నడుమ ఆకు లేని ఒక ఎండు కొమ్మ, ఆ కొమ్మకు చిలుకముక్కు లాంటి ఒకే ఒక తెల్ల మొగ్గ. పైనున్న రంధ్రం గుండా ఎండ బంగారు కడ్డీలా దిగుతోంది. మొగ్గకు ఇంకా జానెడు దూరంలో ఉంది. విచ్చుకోకముందే తుంచితే పువ్వు పనికిరాదు. ఆగాలి.

ఆ క్షణంలోనే ఎక్కడో శ్మశానంలో, పొగ నిండిన తన ముంత ముందు కూర్చున్న ధూమ్రజటుడు ఈ దృశ్యమంతా చూసి పళ్లు నూరాడు. ముంతలోకి ఒక మంత్రం ఊదాడు.

గుహ బయట పెనుగాలి లేచింది. లతలు తెగిపడ్డాయి, చెట్లు నేలకు వంగాయి, దుమ్ము సుడులు తిరుగుతూ గుహలోంచి సింహం వైపు దూసుకుపోసాగింది. తన వాసన ఈ గాలిలో అంధకేసరి ముక్కుకు చేరడానికి రెప్పపాటు చాలు! పారిపోదామని యువరాజు లేచాడు. రెండడుగులు వేశాడు. అప్పుడు అవ్వ మాట చెవిలో మోగింది.

గుప్పిట తెరిచి ఒక పింజె వదిలాడు.

చెవులు పగిలే హోరులో, చెట్లు వేళ్లతో సహా ఊగుతున్న ఆ గాలిలో, దూదిపింజె ఎటూ కదల్లేదు. తిన్నగా దిగి అతని పాదం మీద వాలింది. గాలి లేదు! అంతా మాయ! ధూమ్రజటుడు తన కళ్లనూ చెవులనూ మోసగించగలిగాడు గానీ జిల్లేడు దూదిని మోసగించలేకపోయాడు.

శరభాంకుడికి పట్టలేని సంతోషంతో ఏడుపొచ్చింది. ఎన్ని యజ్ఞాలు చేసినా, ఎందరు గురువుల పాదాలు ఒత్తినా ఇంతటి నిజం తనకు ఎవరూ చెప్పలేదు. "తల్లీ జిల్లేడమ్మా! నీకు వెయ్యి దండాలు!" అని లోలోపలే అంటూ, మోకాళ్ల మీద కూర్చుని, ఆ హోరు మధ్య కదలకుండా కాచుకున్నాడు. ఎండ మొగ్గను తాకింది. మొగ్గ వణికి, ఒక్కొక్క రేకే విప్పింది. కాడ తుంచి, పువ్వును ఆకుదొన్నెలో పెట్టి, వచ్చిన దారినే వెనుదిరిగాడు.

రాతిచీలిక దగ్గర కొమరవ్వ ఎదురొచ్చింది. పువ్వును చూసి ఆమె ముడతల ముఖం వెలిగింది. మరుక్షణమే ఆరిపోయింది. వెనక అరుగు మీద వెండి నలిగిన చప్పుడు. అంధకేసరి భరిణెను కొరికి పిండి చేసి, తల పైకెత్తింది. పొడి అక్కడ అయిపోయింది, కానీ అదే వాసన మరోచోట నుంచి కూడా వస్తోందని దానికి తెలిసిపోయింది.

"నీ సేతులు, నాయనా" అన్నది కొమరవ్వ. "నీ సేతులకు, రొమ్ముకు ఆ వాసన పట్టుకునుండాది. బురద కప్పితే కాసేపు ఆగింది, ఇప్పుడు ఆరి రాలిపోతాంది. ఎంత కడిగినా పూట దాకా పోదు. నేను అడ్డం నిలబడతా. నువ్వు పువ్వు తీసుకుని పరుగెత్తు."

"అది నా వాసన వెంట వస్తోందవ్వా. నిన్ను దాటుకుని నా వెంటే వస్తుంది. పువ్వు నా చేతిలో ఉంటే పువ్వు కూడా దాని నోట్లోకే పోతుంది." శరభాంకుడు దొన్నెను ఆమె చేతుల్లో పెట్టి, మొలతాడుకు దాచిన ముద్రికను ఊడదీసి ఇచ్చాడు. "లోయ బయట మోదుగుల తోపులో నా గుర్రం ఉంది. కళ్లెం వదిలేస్తే చాలు, అదే కోటకు తీసుకుపోతుంది. ద్వారం దగ్గర ఈ ముద్రిక చూపించు. మా అక్క పేరు సుకేశిని."

"మరి నువ్వో?"

సువర్ణమేఖల యువరాజు, దేవుడికీ తండ్రికీ తప్ప వంగని శరభాంకుడు, ఆ బురదలో సాష్టాంగపడి వేటకత్తె పాదాలకు నుదురు ఆనించాడు. "నాకు ఎంతోమంది విద్యలు నేర్పారవ్వా. బతికించే విద్య నువ్వే నేర్పావు. మా అక్క రేపు కళ్లు తెరిస్తే అది నీ వల్ల. ఈ రుణం తీరేది కాదు, తీర్చుకోవాలనీ లేదు. నీకు రుణపడి ఉండడమే నాకు బాగుంది."

కొమరవ్వ కళ్లు తుడుచుకుంది. "లెయ్యి. ఈ దండాలన్నీ తిరిగొచ్చి పెట్టు. ఇప్పుడు తీసుకోను" అని, దొన్నెను గుండెలకు హత్తుకుని, లేడిలా లోయ ముఖం వైపు పరుగు తీసింది.

శరభాంకుడు మలుపు దగ్గర నిలబడ్డాడు. కుడివైపు రాతిగోడలో మరో ఇరుకు చీలిక ఉంది. అది ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. చివరి దూదిపింజె వదిలాడు. అది చీలికలోంచి బయటికి, తిన్నగా సింహం వైపు తేలిపోయింది. వేటగాళ్లు దాక్కోవడానికి చూసే గాలిని అతడు దొరకడానికి చూశాడు. ఆ గాలిలో అడుగుపెట్టి, సింహానికి ఎదురుగా తిరిగి, రొమ్ము మీది బురద గీకేసి, రెండు చేతులూ చాచి నిలుచున్నాడు.

అంధకేసరి అరుగు దిగింది. కొమరవ్వ పోయిన దారి వైపు ఒకసారి ముక్కు తిప్పింది. అది ఒక అడుగు అటే వేసింది. గాలి చీలికలోంచి విసురుగా వీచింది. సింహం ఆగింది, గిరుక్కున ఇటు తిరిగింది.

దూరాన, లోయ బయట, రాతినేల మీద గుర్రపు డెక్కల చప్పుడు మొదలై వేగం అందుకుంది. అవ్వ గుర్రమెక్కింది! శరభాంకుడు కత్తి దూసి, మనసారా నవ్వాడు.

"అక్కా! నీకు ఊపిరి బయల్దేరింది!" అన్నాడు.

సింహం దూకింది.